బూడిదలో దాచిన చుక్కల అనుములు

రెండేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున నా పొయ్యి మీద ఐదు గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి దిగాయి. శనగలకు ఒకటి, బెబ్బర్లకు ఒకటి, పెసలకు ఒకటి, కందులకు ఒకటి, ఉలవలకు ఒకటి. తినేది నేనొక్కదాన్నే. ఒక్క మనిషి కడుపుకు ఐదు గిన్నెలు తోముకోవడం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉంది. అడిగే మనిషే లేడు.

ఈ పద్ధతి నాది కాదు. నేనుండే ఇంటి కింది వాటాలో ఉండిన పెయింటర్ కాకాది. ఆయన ఇంటి యజమాని, నేను పైగదిలో కిరాయిదారును. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఊరంతా ఆయన్ని కాకా అంటే నేనూ అన్నాను.

నేను ప్రభుత్వ దవాఖానలో రక్తపరీక్షలు చేస్తాను. పుట్టి పెరిగింది సంగారెడ్డిలో, అదీ బస్టాండు వెనక సందులో. పొలమంటే బస్సు కిటికీలోంచి చూసిందే. బదిలీ మీద నారాయణఖేడ్ వచ్చాక కొన్నాళ్లకు ఒక సంగతి తెలిసింది. ఇక్కడ సగం మందికి నా ముఖం కంటే నా సూదే బాగా గుర్తు. కూరగాయల అంగట్లో ఎదురుపడి, నన్ను గుర్తుపట్టి, చెయ్యి కొంగులో దాచుకున్న ఆడవాళ్లున్నారు. శనివారం సాయంత్రమయ్యేసరికి తోటి ఉద్యోగులు డిపో దగ్గర బస్సెక్కి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. నాకు వెళ్లడానికి ఇల్లు లేదు. పెళ్లి ఒకటి జరిగింది, నిలవలేదు. అంతకంటే చెప్పను. అన్న ఉన్నాడు గానీ, ఆయనింటికి వెళ్తే మూడోరోజు నుంచి వదిన నా బస్సు గురించి మహా శ్రద్ధగా వాకబు చేస్తుంది. అందుకే వెళ్లను. ఆదివారమంటే నాకు భయం. అది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

అలాంటి ఒక ఆదివారం ట్యాంకులో నీళ్లయిపోయి, మోటారు వేయమని అడగడానికి కిందికి దిగాను. తలుపు తీసే ఉంది. వంటింట్లో గోడకు కొట్టిన చెక్క అర మీద గాజు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో రకం గింజలు. ఎడమ చివర తెల్లటి బెబ్బర్లు, తర్వాత పచ్చటి పెసలు, తర్వాత ఎర్రటి కందులు, ఆపైన గోధుమరంగు శనగలు, ఉలవలు, కుడి చివర నల్లటి మినుములు. ఇంట్లో మిగతా సామానంతా చిందరవందర. మంచం మీద కుంచెలు, కుర్చీ మీద లుంగీ, కిటికీలో ఎండిపోయిన రంగు డబ్బాలు. ఆ ఒక్క అర మాత్రం ఎవరో కొలత పెట్టి సర్దినట్టుంది.

కాకా బోర్డులు రాసేవాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే చేత్తో, ఒకే అందంతో రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని సగానికి సగం పోయింది. అప్పుడప్పుడూ ట్రాక్టర్ నంబర్లు, బడి గోడల మీద బొమ్మలు మిగిలాయి. రంగుల కంపెనీవాళ్లు ఇచ్చిన నమూనా కార్డు ఎప్పుడో ఎండకు వెలిసిపోయిందట. దాంతో బోర్డు రాయించుకోవడానికి వచ్చినవాళ్లను నేరుగా వంటింట్లోకి తీసుకొచ్చి ఆ సీసాల ముందు నిలబెట్టేవాడు. "జమీన్ గీ పెసల రంగు పెట్టు కాకా, అక్షరాలకు గా బెబ్బర్ల తెలుపు" అని వాళ్లు వెనక రంగునూ రాత రంగునూ వేలు పెట్టి చూపిస్తే, అవే కలిపేవాడు. బజార్లో ఇంకా మిగిలి ఉన్న పాత బోర్డుల్లో ఏది పెసల బోర్డో, ఏది కందుల బోర్డో ఇప్పటికీ నేను చెప్పగలను.

ఆ రోజు ఆయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఐదారు చిన్న గిన్నెల్లో నానిన గింజలు. మోటారు సంగతి విని, స్విచ్ వేసి వచ్చి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్ని నెలలైందో లెక్క కట్టబోయి మానేశాను. ఇంకా లేదన్నాను. "కూసో మల్ల" అన్నాడు.

ఊరికే కూర్చోవడం చేతకాక సలహా ఇచ్చాను. "ఇన్ని గిన్నెలెందుకు కాకా? అన్నీ కలిపి కుక్కర్ల వేస్తే నాలుగు విజిల్లకు అయిపోతది కదా?"

ఆయనకు కోపమొచ్చింది. "అయిపోతది. అన్ని ఖరాబైతయి. పెసలు పిండైతయి, శనగలు రాళ్ల లెక్క ఉంటయి, రంగులన్ని కలిసి బురదైతది. దవాఖానల నువ్వు అందరి రక్తం ఒక్క సీసల పోస్తవా?"

చూస్తూ నేర్చుకున్నాను. దేని నీళ్లు దానివి, దేని సమయం దానిది. పెసలు పగలకముందే దించాలి. శనగలను వేలితో నొక్కి చూడాలి. ఉలవలు రంగు విడుస్తాయి కాబట్టి వాటిని ఆఖరున వేరే వార్చాలి. వార్చినవాటిని తెల్లటి గుడ్డ మీద కుప్పలుగా పరిచి ఆరనివ్వాలి. ఆరాక వెడల్పాటి బేసినులో అన్నీ కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కీరా, పచ్చిమామిడి ముక్కలు, పచ్చిమిరప, కొత్తిమీర వేసి, వేయించిన పల్లీలు నలిపి చల్లి, నిమ్మకాయ పిండి, పైన పచ్చి కుసుమ నూనె తిప్పేవాడు. కలిపాక వెంటనే తిననిచ్చేవాడు కాదు. బేసిను నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూసేవాడు. "తెలుపు తక్కువైంది" అనో, "పచ్చ ఎక్కువైంది" అనో గొణిగి, గుప్పెడు బెబ్బర్లో నాలుగు మామిడి ముక్కలో వేసేవాడు. దూరం నుంచి చూసినా కంటికి ఆనే గింజ ఒకటి ఉండాలనేవాడు. బోర్డు గానీ గిన్నె గానీ తొవ్వన పోయేవాణ్ని ఆపాలట.

మేము దాన్ని గుడాలనే అనేవాళ్లం. మా దవాఖాన నర్సమ్మాయి మాత్రం నా డబ్బాలో మిగిలింది చూసి, "మేడం సలాడ్ తింటున్నది, డైటింగా?" అని ఫోన్లో ఇలాంటిదే ఏదో ఫొటో చూపించింది. అందులో గింజలన్నీ ఒకే రంగులో ముద్దగా ఉన్నాయి. కాకాకు చూపిస్తే తిట్టేవాడు. డైటింగు మాటకొస్తే, గోడ అవతల ఉండి రొట్టెలమ్మే రొట్టెలక్క చేసిన జొన్నరొట్టె రెండు ముక్కలు చేసి ఆ గుడాలతో తింటే సాయంత్రం దాకా మళ్లీ ఆకలి మాటే ఉండదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం కిందికి దిగాను. పెద్దగా మాట్లాడుకునేది కూడా లేదు. ఆయన వారంలో రాసిన నంబర్లు చెప్పేవాడు, నేను సూదికి భయపడి పారిపోయినవాళ్ల కథలు చెప్పేదాన్ని. ఆ ఊళ్లో నాకంటూ ఉన్నది ఆ బేసిను ఒక్కటే. అది పోతే ఏమవుతానన్న భయం అన్నం తింటున్నప్పుడు కూడా ఉండేది.

భార్య పోయి మూడేళ్లయిందని రొట్టెలక్క చెప్పగా విన్నాను. ఆయన ఆ మాట ఎత్తేవాడు కాదు, నేనూ అడగలేదు.

రెండో ఏడు వానలకు ముందు ఆయనకు బీదర్‌లో కంటి ఆపరేషన్ అయింది. మనూరు నుంచి ఆయన అన్న కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. పోతూ పోతూ కాకా నా చేతిలో తాళంచెవి పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆదివారం వస్తున్నాడని కబురందింది. ఈసారి నేనే చేసి పెడదామనుకున్నాను. ఇన్నాళ్లూ తిని చేతులు కడుక్కున్నదాన్ని, ఒక్కసారైనా ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి బేసిను సిద్ధంగా ఉండాలి.

శనివారం సాయంత్రం గింజలు నానబెట్టడానికి కిందికి వెళ్తే బెబ్బర్ల సీసా ఖాళీగా ఉంది. తెలుపు లేకపోతే ఎలా? ఆయనకు ఒక కంటికి కట్టు, రెండో కన్ను ముందునుంచే మసక. కంటికి ఆనే గింజ కావాలి. స్టూలెక్కి పై అరలో వెతికాను. చింతపండు డబ్బా వెనక చిన్న సీసా ఒకటి దొరికింది. దాన్నిండా బూడిద. బూడిదలో గింజలు. కడిగి చూద్దును కదా, తెల్లటి అనుములు, ఒక్కోదాని మీద గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు. అంత అందమైన గింజను నేనెప్పుడూ చూడలేదు. కాకా కూడా ఎంత అశ్రద్ధ మనిషి, ఇంత మంచివి బూడిదలో పడేశాడు అనుకున్నాను. మూడు నీళ్లలో కడిగి, సీసా మొత్తం నానబోశాను. గుప్పెడున్నర ఉంటాయేమో.

పొద్దున చూస్తే కొన్ని ఉబ్బలేదు. రాళ్లలాగే ఉన్నాయి. ముసలాయన పంటికింద పడితే పన్ను విరుగుతుందని వాటిని ఏరి, కడుగునీళ్లతో పాటు పెరట్లో బట్టలుతికే బండ పక్కన పారబోశాను. నా జాగ్రత్తకు నేనే మురిసిపోయాను.

ఆయన నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. అన్న కొడుకు దింపేసి వెళ్లిపోయాడు. బేసిను ముందు పెట్టాను. ఆయన వెనక్కి జరగలేదు. వంగి చూశాడు. వేళ్లతో ఒక గింజను ఏరి, అద్దాలు పైకెత్తి, కట్టు లేని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఉడికాక చుక్కలు వెలిసిపోయి గులాబీ మరకల్లాగా మిగిలాయి.

"గివి యాడియి?"

"పై అరల, బూడిద సీసల ఉండె కాకా. మూడు నీళ్లల్ల కడిగిన."

"అన్ని ఏసినవా?"

"అన్నీ వేసిన."

ఆ గింజను మళ్లీ బేసినులో వేశాడు. తర్వాత, "ఉప్పు సరిపోయింది" అన్నాడు. అప్పటికింకా నోట్లో ఒక్క గింజ కూడా వేసుకోలేదు. అది అప్పుడు నాకు తట్టలేదు. ఎప్పుడూ కొంచెం వదిలే మనిషి ఆ రోజు బేసిను గీకి తిన్నాడు. నా పళ్లెంలోకి చూసి, "ఒక్క గింజ ఇడువకు బిడ్డా" అన్నాడు. అంత నచ్చిందా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా నా కాళ్లు నేల మీద లేవు.

మర్నాడు రొట్టెలకు వెళ్లి, నా గొప్ప నేనే చెప్పుకున్నాను. చుక్కల గింజలనగానే రొట్టె తడుతున్న అక్క చెయ్యి ఆగింది.

"బూడిదలోయి వండినవా? బూడిద గలిపి పెట్టింది ఇత్తనం గాదె! దవాఖానల కొల్వు జేస్తవ్, గంత మాత్రం తెల్వదా?"

తెలియదు. ఇక్కడ ఏ ఇంట్లో అయినా ఎవరికైనా తెలిసే సంగతి. తినేవాటికి వేపాకు వేస్తారు, విత్తనాలకే బూడిద కలుపుతారు. నాకు మాత్రం తెలియదు.

అక్క చెప్పుకుంటూ పోయింది. ఆ విత్తనం కాకా భార్య పెళ్లప్పుడు నాగల్‌గిద్ద దిక్కున్న పుట్టింటి నుంచి కొంగుకు కట్టుకుని తెచ్చుకున్నదట. ఏటా వానలు పడగానే పెరటిగోడ పక్కన పెట్టేదట. తీగ కప్పు మీదికెక్కి గల్లీ మొత్తానికి కాసేదట. ఆమె వానలకు ముందే పోయింది. "అప్పట్నుంచి గా సీస దించుతడు, మల్ల ఎక్కిస్తడు. పెడ్దామంటే చెయ్యి రాదు, వండుదామంటే మనసు రాదు. గంతే ఆయన బతుకు" అంది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సిగ్గు కంటే భయం ఎక్కువైంది. ఇక ఆదివారాలు పోయినట్టే అనుకున్నాను. మనిషి చనిపోయాక మిగిలిన గుప్పెడు గింజలను ఉప్పు కారం వేసి ఆయనకే వడ్డించాను. ఏ ముఖం పెట్టుకుని కిందికి దిగను?

ఆ వారమంతా ముఖం చాటేశాను. శనివారం సెలవు పెట్టి షేర్ ఆటోలో నాగల్‌గిద్ద వెళ్లాను. ఊళ్ల పేర్లు కూడా సరిగా తెలియవు, ఆ చుట్టుపక్కల దిగి, ఎక్కి, కనపడిన ఇంటికల్లా వెళ్లి చుక్కల అనుములున్నాయా అని అడిగాను. కంది చేలు, జొన్న చేలు ఉన్న ఊళ్లే. ఆ గింజ మాత్రం లేదు. ఒక పెద్దావిడ నన్ను నీడలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కన్నడంలో "ఇల్లవ్వా, ఈగ యారూ హాకంగిల్ల" అంది. ఇప్పుడెవరూ వేయడం లేదని. ఆమె చూసిన జాలిచూపుకు అక్కడే ఏడుపొచ్చింది.

తిరుగు ఆటోలో, ఇద్దరు మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు, బట్టలబండ గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే సంచి విసిరేసి పెరట్లో మోకాళ్ల మీద కూర్చున్నాను. బండ పక్కన బురద, సబ్బు నురగ, మెతుకులు. వేళ్లతో కెలికాను. నాలుగో ఐదో పారేసి ఉంటాను. మూడు దొరికాయి. కడిగితే చుక్కలు బయటపడ్డాయి. అలాగే వెళ్లి కాకా ముందు అరచెయ్యి చాపాను.

ఆయన గింజలను చూశాడు, నా మోకాళ్ల బురదను చూశాడు.

"నాకు ఆనాడే ఎర్కైంది, గింజ జూడంగనే."

"మరి ఎందుకు తిన్నవ్ కాకా? తిట్టకపోతివి?"

"పారెయ్యాల్నా? ఆమె చేతి గింజ." గింజలను తన అరచేతిలోకి తీసుకుని, "నువ్వు మూడు నీళ్లు కడిగి వండినవ్. ఇన్నేండ్లల్ల నాకు ఎవలు వండి పెట్టిండ్రు?" అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన లేచి వెళ్లి పాత రంగు డబ్బా ఒకటి తెచ్చి, మేకుతో అడుగున బెజ్జాలు కొట్టడం మొదలుపెట్టాడు.

మూడింటిలో రెండు కుళ్లిపోయాయి. ఒకటి మొలిచింది. దాని మొదటి చివుళ్లు రొట్టెలక్క మేక తిన్నది. ఆ రోజు గోడకు ఇటూ అటూ జరిగిన యుద్ధం గల్లీ మొత్తం విన్నది. ఆ తీగ మొండిది, మళ్లీ చిగురించింది. చలికాలానికి కాసింది. ఎండిన కాయలు ఒలిస్తే గుప్పెడు గింజలు. ఈసారి నేనే బూడిద జల్లించి, కలిపి, సీసాలో పోశాను.

"సగం నానవెయ్యి. ఐతారం తిందం" అన్నాడు కాకా.

"వద్దు కాకా. ఒక్క ఏడాది ఆగుదాం. ఇంకిన్ని కాయనీ."

"దాస్తే నా లెక్కనే ఐతవ్ బిడ్డా."

నవ్వి, సీసాను పై అరలో పెట్టాను.

ఆ ఎండాకాలం ఆయన మనూరులో అన్న కొడుకింట్లో పెళ్లికి వెళ్లి, అక్కడే నిద్రలో పోయాడు. కబురొచ్చినప్పుడు నేను ఎవరికో రక్తం తీస్తున్నాను. సూది తీసి, దూది అదిమి, పేరు రాసి, అప్పుడు గోడకానుకుని కూర్చున్నాను. అన్న కొడుకు కింది వాటాకు తాళం వేశాడు. నన్ను ఖాళీ చేయమనలేదు. సీసాలు కావాలంటే తీసుకోమన్నాడు. అర ఊడదీసి తెచ్చి నా గోడకు కొట్టించుకున్నాను. తెలుపు నుంచి నలుపు దాకా అదే వరస.

ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి. రెండుసార్లూ చుక్కల సీసాను దించాను, రెండుసార్లూ ఎక్కించాను. ఆదివారం ఐదు గిన్నెలు పెట్టాను, గుడ్డ పరిచాను, రెండడుగులు వెనక్కి వెళ్లి చూశాను, ఒక్కదాన్నే తిన్నాను. మిగిలింది సోమవారం డబ్బాలో పెట్టుకున్నాను. గోడ మీదుగా రొట్టెలు అందిస్తూ అక్క ఎప్పుడూ "వచ్చి కూసోరాదు" అనేది. పనుందనేదాన్ని. ఏం పని, నా తలకాయ! ఆ ఇంట్లో మనుషులు కూర్చుని తింటుంటే చూడలేక వచ్చేసేదాన్ని.

మొన్న శనివారం అర తుడుస్తూ చుక్కల సీసాను వెలుతురుకు పెట్టి చూశాను. ఒక గింజకు సూదిమొనంత బెజ్జం. దానిలోంచి తెల్లటి పిండి రాలుతోంది. పురుగు పడింది. మూత తీసి, బూడిదంతా పళ్లెంలో పోసి, గింజ గింజా తిప్పి చూశాను. ఏడు పాడయ్యాయి. దాస్తే ఏమవుతానో కాకా చెప్పిన మాట అప్పుడు తగిలింది. నవ్వి ఊరుకున్న మాటే.

పది గింజలు రంగు డబ్బాల్లో పెట్టాను. పది కొత్త బూడిదలో వేశాను. మిగిలినవి నానబోశాను.

ఆదివారం ఆరో గిన్నె పొయ్యెక్కింది. అన్నీ కలిపి, నిమ్మకాయ పిండి, కుసుమ నూనె తిప్పి, వెనక్కి జరిగి చూశాను. తెలుపు సరిపోయింది. గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"అక్కా, గుడాలు చేసిన. చుక్కలయి గూడ వేసిన. తినొస్తవా?"

అక్క పెనం మీది రొట్టె దించి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"పిలువనీకె రెండేండ్లు పట్టిందా?"

రొట్టెల మీద గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని వచ్చింది. మా ఇంట్లో పీట ఒక్కటే ఉంది. ఇద్దరం నేల మీదే కూర్చున్నాం.